ఇంటికిచ్చిన డబ్బు ఇల్లాలికి ఇచ్చినట్టేనా?

ప్రభుత్వాలు ప్రజల చేతికి నేరుగా డబ్బు ఇవ్వడం మంచిదా, చెడ్డదా అన్న చర్చ మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఏ ఎన్నికలు వచ్చినా మొదలవుతుంది. ఒక పక్షం వాళ్లు దీన్ని 'ఉచితం' అంటారు. జనం సోమరులవుతున్నారనీ, పొలాల్లోకి కూలీలు దొరకడం లేదనీ వాపోతారు. రెండో పక్షం వాళ్లు దీన్ని 'సంక్షేమం' అంటారు. తమ నాయకుడి దయ అంటారు. పైకి ఇద్దరూ కొట్లాడుకుంటున్నట్టే ఉంటుంది గానీ, ఒక విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకటే మాట. ఇద్దరి లెక్కలోనూ 'కుటుంబం' అనేది ఒక ముద్ద. ఆ ముద్దకు డబ్బు చేరిందా లేదా అన్నదే వాళ్ల ప్రశ్న. చేరాక లోపల ఎవరు తీసుకున్నారు, ఎవరు లెక్క చెప్పాల్సి వచ్చింది, ఎవరు చేయి చాచి అడగాల్సి వచ్చింది అన్నది ఇద్దరికీ పట్టదు. స్త్రీల సంఘాలకు పట్టాల్సింది సరిగ్గా అదే.

నేను చెప్పదలచుకున్నది ఒకటే. నగదు సాయం పల్లె కుటుంబాల రోజువారీ బతుకును మార్చింది. ఆ మార్పు ఎంత అన్నది మొత్తం మీద కన్నా, ఆ డబ్బు ఎవరి పేరున, ఏ అర్హత మీద వచ్చిందన్న దాని మీద ఎక్కువగా ఆధారపడి ఉంది. మనిషిని చూసి ఇచ్చిన తక్కువ డబ్బు ఆడవాళ్ల చేతికి చేరింది. భూమిని చూసి ఇచ్చిన ఎక్కువ డబ్బు భూమి ఉన్న మగవాళ్ల చేతికి చేరింది. ఈ రెంటినీ కలిపి 'సంక్షేమం' అని ఒకే మాట వాడటం వల్ల మనకు నష్టం జరుగుతోంది.

కొండాపూర్‌లో ఉండి పల్లె మాట ఎందుకు?

పల్లె కుటుంబాల గురించి కొండాపూర్‌లో కూర్చుని మాట్లాడటమేమిటని అడగవచ్చు. ఒకప్పుడు కొండాపూర్ కూడా శేరిలింగంపల్లి మండలంలో ఒక పల్లే. 1998 నవంబర్‌లో పక్కనే మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక, ఇక్కడి చేలూ బండరాళ్లూ పోయి అపార్ట్‌మెంట్లు లేచాయి. ఆ అపార్ట్‌మెంట్లలో అంట్లు తోమి, ఇళ్లు తుడిచి, వంట చేసి, పిల్లల్ని ఆడించే ఆడవాళ్ల మధ్య నేను పనిచేస్తున్నాను. వీళ్లు నారాయణపేట, నాగర్‌కర్నూల్, వికారాబాద్, మెదక్ పల్లెల నుంచి వచ్చినవాళ్లు. శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చినవాళ్లూ ఉన్నారు. మొగుడు వాచ్‌మన్, పెళ్లాం నాలుగిళ్లలో పని, సెల్లార్‌లో మెట్ల కింద ఒక గది. పిల్లల్లో ఒకరు ఇక్కడ, మిగిలినవాళ్లు ఊళ్లో అవ్వ దగ్గర. అంటే ఈ కుటుంబాల్లో సగం ఊళ్లో, సగం ఇక్కడ ఉంటుంది. జీతం ఇక్కడ, పింఛను అక్కడ. కిరాయి ఇక్కడ, రేషన్ కార్డు అక్కడ.

2014 ఆగస్టు 19న తెలంగాణలో సమగ్ర కుటుంబ సర్వే జరిగిన రోజు చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఒక్క రోజులో రాష్ట్రమంతా లెక్క. ఊళ్లో లెక్కకు అందకపోతే కార్డు పోతుందేమో, పింఛను పోతుందేమో అని నగరంలోని కూలీలు బస్సులెక్కి, బస్సుల్లో చోటు లేక లారీలెక్కి ఊళ్లకు పోయారు. ఆ రోజు అర్థమైంది, వీళ్లు పనిచేసేది నగరంలోనే గానీ ప్రభుత్వానికి కనిపించేది మాత్రం ఊళ్లోనేనని. నగదు సాయం వీళ్ల బతుకులో ఏం చేసిందో చూడాలంటే ఈ రెండు చివరల్నీ కలిపి చూడాలి. కొండాపూర్‌లో ఉంటే రెండూ కనబడతాయి.

పింఛను తెచ్చిన మార్పు

ముందు పింఛను సంగతి చూద్దాం. 2014 వరకు వృద్ధులకూ వితంతువులకూ ఇచ్చిన పింఛను నెలకు 200 రూపాయలు. 2014 నవంబర్‌లో తెలంగాణలో ఆసరా పేరుతో అది 1,000 అయింది. 2015లో బీడీ కార్మికులను, 2017లో ఒంటరి స్త్రీలను చేర్చారు. 2019 జూన్ నుంచి 2,016 రూపాయలైంది. ఏడాదికి 24,192 రూపాయలు. నగరంలో ఒక మధ్యతరగతి ఇంటి నెల కిరాయి కూడా కాదిది. కానీ ఊళ్లో ఒక ముసలామె బతుకులో దీని బరువు వేరు.

200 రూపాయలున్న రోజుల్లో అది పేరుకు పింఛను. తెచ్చుకున్న రోజే కిరాణా కొట్టులో ఉద్దెర కింద జమ. 1,000 దాటాక మూడు మార్పులు నాకు స్పష్టంగా కనబడ్డాయి. ఒకటి, బీపీకి, చక్కెర జబ్బుకు గోళీలు ఆగకుండా వేసుకోవడం. ఇంతకు ముందు కొడుకు తెస్తే వేసుకోవడం, తేకపోతే మానుకోవడం. రెండు, కొట్టువాడి దగ్గర పరపతి. నెలనెలా వచ్చే ఆదాయం ఉందని తెలిశాక ఉద్దెర ఇవ్వడానికి అతను వెనకాడడు. మూడోది అన్నింటికన్నా పెద్దది. కోడలు కొండాపూర్‌లో పనికి వస్తే, పిల్లల్ని ఊళ్లో సాకుతున్నది ఆ ముసలామె. కోడలి జీతం ఊరికి చేరే లోపల పిల్లల పాలు, పెన్నులు, జ్వరం వస్తే ఆర్‌ఎంపీ డాక్టరు ఖర్చు అన్నీ ఆ పింఛను మీదే నడుస్తాయి. నగరంలోని సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల ఇళ్లలో పనిమనిషి ఉండగలుగుతోందంటే, ఎక్కడో మారుమూల పల్లెలో ఒక ముసలామె 2,016 రూపాయలతో ఆ పనిమనిషి పిల్లల్ని సాకుతోంది గనకే. ఈ లెక్క ఏ బడ్జెట్ పుస్తకంలోనూ రాయరు.

"రొంటిన పైసలున్నయంటె నా మాటకు ఇలువుంటది బిడ్డా, లేకుంటె నేను ఇంట్ల బరువయిత" అని ఒక అవ్వ నాతో అన్నది. సంక్షేమం మీద రాసిన చాలా నివేదికల్లో లేని విషయం ఈ మాటలో ఉంది. డబ్బు ఆకలి తీర్చడమే కాదు, ఇంట్లో మనిషి స్థానాన్ని మారుస్తుంది.

అయితే దీన్ని బంగారు కథగా చెప్పనక్కరలేదు. పాసుబుక్కు కొడుకు దగ్గర పెట్టుకున్న ఇళ్లున్నాయి. పింఛను రోజున మాత్రమే తల్లిని పలకరించే కొడుకులున్నారు. పైగా ఆసరా నిబంధనల్లోనే ఒక మెలిక ఉంది. ఇంట్లో ముసలి మొగుడు పెళ్లాలు ఇద్దరున్నా వృద్ధాప్య పింఛను ఒక్కరికే. అంటే ఇక్కడ కూడా ప్రభుత్వం పూర్తిగా మనిషిని చూడలేదు, మళ్లీ ఇంటినే చూసింది. ధరలు పెరిగినా పింఛను పెరగదు. తెలంగాణలో 2019లో 2,016 అయిన పింఛను ఐదేళ్లు దాటినా అక్కడే ఉండిపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి 4,000 ఇస్తున్నారు. కొండాపూర్‌లో ఒకే అపార్ట్‌మెంట్‌లో పనిచేసే ఇద్దరు ఆడవాళ్లలో శ్రీకాకుళం ఆమె అత్తకు 4,000, నారాయణపేట ఆమె అత్తకు 2,016. ముసలితనం రెండు చోట్లా ఒకటే కదా!

ఎకరాన్ని చూసి ఇచ్చిన డబ్బు

ఇక భూమిని చూసి ఇచ్చిన డబ్బు. 2018 మే 10న హుజూరాబాద్‌లో రైతుబంధు మొదలైంది. ఎకరానికి పంటకు 4,000, ఏడాదికి 8,000. 2019 నుంచి పంటకు 5,000, ఏడాదికి 10,000. పంట పెట్టుబడికి వడ్డీ వ్యాపారి దగ్గరికి పోకుండా విత్తనాలు, ఎరువులు కొనుక్కోగలిగిన చిన్న రైతులు నిజంగానే ఉన్నారు. దాన్ని కాదనడం లేదు. కానీ లెక్క చూడండి. ఎకరం ఉన్నవాడికి ఏడాదికి 10,000. ఇరవై ఎకరాలున్నవాడికి 2 లక్షలు. భూమి లేనివాళ్లకు సున్నా. కౌలుకు చేసేవాళ్లకూ సున్నా. విస్తీర్ణానికి పరిమితి పెట్టలేదు.

కొండాపూర్ నుంచి చూస్తే ఈ పథకం మరో రకంగా కనబడుతుంది. ఇక్కడ అపార్ట్‌మెంట్లలో ఉండే ఉద్యోగులు, వ్యాపారుల్లో ఊళ్లో భూములున్నవాళ్లు చాలామంది. ఆ భూమి వాళ్లు దున్నరు, కౌలుకిస్తారు. కౌలు డబ్బులూ వాళ్లకే, రైతుబంధూ వాళ్లకే. అయిదో అంతస్తులో ఉన్నవారి ఫోనుకు డబ్బు జమ అయినట్టు సందేశం వస్తుంది. ఆ అంతస్తు మెట్లు కడిగే ఆమె అన్న ఊళ్లో అలాంటి భూమినే కౌలుకు చేస్తూ విత్తనాలకు అప్పు తెస్తుంటాడు. ఆమె జీతంలోంచి ఆ అప్పుకు వడ్డీ పోతుంది. ప్రభుత్వ ధనం నగరానికి వస్తుంటే, పనిమనిషి జీతం పొలానికి పోతోంది. దీన్ని రైతు సాయం అని ఎలా అనాలి?

భూమిని చూసి ఇవ్వడం అంటే ఆడవాళ్లను చూడకపోవడమే. మన రాష్ట్రం ఈ విషయంలో దేశానికి దారి చూపించానని చెప్పుకుంటుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబర్ 5 నుంచి హిందూ వారసత్వ చట్ట సవరణ అమలులోకి వచ్చింది, ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఇచ్చింది. అయితే అప్పటికే పెళ్లయిపోయినవారికి ఆ హక్కు లేదన్నారు. దేశమంతటికీ 2005లో గానీ ఆ సవరణ రాలేదు. చట్టం వచ్చి నలభై ఏళ్లు. కట్నం ఇచ్చేశాం కదా అని, అన్నదమ్ములతో సంబంధం తెగిపోతుందని, కూతుళ్ల చేత సంతకాలు పెట్టించుకోవడం మనందరికీ తెలిసిందే. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలోని కమతాల్లో ఆడవాళ్లు నడిపేవి సుమారు 14 శాతం. నాట్లు వేసేదీ, కలుపు తీసేదీ, పత్తి ఏరేదీ ఆడవాళ్లు. పాసుపుస్తకంలో పేరు మాత్రం మగవాడిది. పాసుపుస్తకాన్ని బట్టి డబ్బు ఇస్తే ఆ అన్యాయానికి ప్రభుత్వం ఏడాదికి రెండుసార్లు ముద్ర వేసినట్టే.

2017లో భూ రికార్డుల ప్రక్షాళన మొదలుపెట్టినప్పుడు, సాగు చేసేవారి పేరు రాసే అనుభవదారు కాలమ్ తీసేశారు. ఆ కాలమ్‌తో పాటు కౌలుదారు కాగితం మీద లేకుండా పోయాడు. అతని భార్య అంతకు ముందే లేదు. ఈ లేకపోవడం చావులో బయటపడుతుంది. 2018 ఆగస్టు 15న మొదలైన రైతు బీమా, చనిపోయిన రైతు కుటుంబానికి 5 లక్షలు ఇచ్చే పథకం. పట్టాదారు చనిపోతే వస్తాయి. కౌలు చేసి అప్పుల పాలై పురుగుల మందు తాగినవాడి భార్యకు ఆ పథకం కింద ఏమీ రాదు. అప్పు మాత్రం ఆమెదవుతుంది. కౌలుదారులను గుర్తించడానికి ఉమ్మడి రాష్ట్రంలో 2011లో ప్రత్యేక చట్టమే చేశారు, గుర్తింపు కార్డులన్నారు. చట్టం ఉంది, పట్టుదల లేదు.

2025 జనవరి 26న రైతుబంధు స్థానంలో రైతుభరోసా వచ్చింది. ఎకరానికి ఏడాదికి 12,000. వ్యవసాయానికి పనికిరాని భూములను తీసేశారు. అదే రోజున భూమిలేని కూలీ కుటుంబాలకు ఇందిరమ్మ ఆత్మీయ భరోసా కింద ఏడాదికి 12,000 ఇస్తామని మొదలుపెట్టారు. అర్హత ఏమిటంటే, 2023-24లో ఉపాధి హామీ పనిలో కనీసం 20 రోజులు చేసి ఉండాలి. మన దృష్టిలో ఇది చిన్న విషయం కాదు. పట్టాను కాకుండా చేసిన కూలిని అర్హతగా చూడటం పెద్ద పథకాల్లో కొత్త. ఉపాధి హామీ పనుల్లో మన రెండు రాష్ట్రాల్లోనూ సగానికి పైగా చేసింది ఆడవాళ్లే. కానీ మొత్తం చూడండి. ఒక కూలి కుటుంబమంతటికీ ఏడాదికి ఇచ్చేది ఒక ఎకరానికి ఇచ్చినంత. నలుగురు మనుషుల చెమట ఒక ఎకరంతో సమానం. అయిదెకరాల ఆసామి అయిదు కుటుంబాలతో సమానం. 20 రోజులు చేయలేక వలసపోయి కొండాపూర్‌లో అంట్లు తోముతున్నవాళ్లు ఈ లెక్కలో కూడా లేరు.

భర్త ఉంటే ఒక లెక్క, లేకుంటే ఒక లెక్క

భూమి సంబంధం లేని పథకాల్లో ఆడవాళ్లు కనబడతారు గదా అంటారు. ఎలా కనబడుతున్నారో చూద్దాం. భర్త చనిపోతే పింఛను, మరణ ధ్రువపత్రం చూపించాలి. భర్త వదిలేస్తే ఒంటరి స్త్రీ పింఛను, ఏడాదికి పైగా విడిగా ఉంటున్నట్టు చూపించాలి. పెళ్లి కాకపోతే పల్లెలో 30 ఏళ్లు, పట్నంలో 35 ఏళ్లు దాటాలి. మళ్లీ పెళ్లి చేసుకుంటే పింఛను ఆగిపోతుంది. ఒంటరి స్త్రీలను గుర్తించడమే గొప్ప, ఎన్నో ఏళ్లు సంఘాలు అడిగితే వచ్చింది. కానీ తన ఒంటరితనానికి ఊళ్లో సాక్ష్యం తెచ్చుకోవాల్సి రావడం ఎంత కష్టమో ఆ కాగితాల కోసం తిరిగినవాళ్లకే తెలుసు. మొగుడు వారం వారం వచ్చి కొట్టి పోయేవాడైతే, ఆమె ఒంటరిది కాదని పక్కింటివాళ్లే చెబుతారు.

పెళ్లికి మాత్రం ప్రభుత్వం చేయి పెద్దది. 2014 అక్టోబర్ 2న 51,000తో మొదలైన కల్యాణలక్ష్మి 2018 నుంచి 1,00,116 అయింది. దాదాపు 50 నెలల పింఛను ఒక్క పెళ్లికి. చెక్కు పెళ్లికూతురి తల్లి పేరున ఇవ్వడం, పెళ్లికూతురికి 18 ఏళ్లు నిండాలనడం మంచివే. ఆ నిబంధన చూపించి బాల్య వివాహం ఆపించిన సందర్భాలు కార్యకర్తలకు తెలుసు. కానీ ఆ డబ్బు తల్లి చేతి మీదుగా ఎక్కడికి పోతోంది? చెక్కు వస్తుందని తెలిశాక పెళ్లికొడుకు వాళ్లు దాన్ని కలుపుకునే బేరం చేస్తున్నారు. అదే డబ్బు ఆ అమ్మాయి చదువుకో, ఆమె పేరున డిపాజిట్‌కో ఇస్తామని ఎందుకు అనరు? ప్రభుత్వానికి ఆడపిల్ల పెళ్లికూతురిగా కనబడినంత స్పష్టంగా మనిషిగా కనబడదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరిలో అమ్మఒడి మొదలైంది. బడికి పోయే పిల్లల తల్లి ఖాతాలో ఏడాదికి 15,000. 2025 జూన్‌లో తల్లికి వందనం పేరుతో, చదువుకునే ప్రతి బిడ్డకూ లెక్క కట్టి, నిర్వహణ కోసం 2,000 పట్టుకుని 13,000 చొప్పున తల్లుల ఖాతాల్లో వేశారు. తన పేరున ఇంత డబ్బు రావడం చాలామంది తల్లులకు జీవితంలో మొదటిసారి. ఆ డబ్బుతో పిల్లను బడి మానిపించకుండా నిలిపినవాళ్లు ఉన్నారు. అయితే పిల్లలు ఆ రాష్ట్రంలోనే చదవాలి. కొండాపూర్‌లో పనిచేసే ఉత్తరాంధ్ర తల్లి పిల్లల్ని దగ్గర పెట్టుకుంటే డబ్బు రాదు, డబ్బు కావాలంటే పిల్లల్ని ఊళ్లో వదలాలి.

తాగేస్తారన్న మాట

చేతికి డబ్బిస్తే తాగేస్తారు అన్న మాట మన సమావేశాల్లో కూడా వినబడుతుంది. ఇది తేలిగ్గా తీసేయాల్సిన మాట కాదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణం మూయించింది మగవాళ్ల కూలి డబ్బులు ఇంటికి రాకపోవడం వల్లే. ఆ పోరాటం వల్లనే 1993 అక్టోబర్ 1న సారాపై నిషేధం వచ్చింది. ఆ తర్వాత వచ్చిన సంపూర్ణ మద్య నిషేధాన్ని 1997లో ఎత్తేశారు. ఇవాళ ఊరూరా బెల్టు షాపు ఉంది. ఒక చేత్తో ప్రభుత్వం ఖాతాలో వేసిన డబ్బును ఇంకో చేత్తో మద్యం మీద పన్నుగా తీసుకుంటోంది. దూబగుంట ఆడవాళ్లు మగవాళ్లకు కూలి ఇవ్వొద్దని అడగలేదు, దుకాణం మూయమన్నారు. మన జవాబు కూడా అదే కావాలి.

అనుభవం ఏం చెబుతోంది? 2011లో మధ్యప్రదేశ్ పల్లెల్లో సేవ సంస్థ, యూనిసెఫ్ సాయంతో ఒక ప్రయోగం చేసింది. ఎనిమిది ఊళ్లలో ఏ షరతూ లేకుండా ప్రతి పెద్దవారికీ నెలకు 200, ప్రతి బిడ్డకూ 100, తర్వాత 300, 150 ఇచ్చారు. ఎవరి డబ్బు వారికే, పిల్లలది తల్లికి. తిండి మెరుగుపడింది, పిల్లలు బడికి పోవడం పెరిగింది, కొందరు పాత అప్పుల నుంచి బయటపడ్డారు. తాగుడు పెరిగిందన్న ఆధారం దొరకలేదు.

అయితే ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఆడవాళ్లకే డబ్బు ఎందుకివ్వాలని అడిగితే, 'వాళ్లు పిల్లల కోసం ఖర్చు పెడతారు' అని మనమే చెబుతుంటాం. మెక్సికోలో 1997 నుంచి, బ్రెజిల్‌లో 2003 నుంచి పెద్ద పథకాలు తల్లులకు డబ్బిచ్చింది ఆ వాదనతోనే. కానీ కెన్యా పల్లెల్లో జరిగిన ఒక పేరున్న అధ్యయనంలో, భార్యకిచ్చినా భర్తకిచ్చినా ఖర్చుల్లో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. దీనికి మనం కంగారు పడనక్కర లేదు. ఆమె మంచి తల్లి కాబట్టి కాదు, ఆమె పనిచేసే మనిషి కాబట్టి, ఆమె పనికి కూలి లేదు కాబట్టి ఆ డబ్బు ఆమెది. ఆమె ఆ డబ్బుతో పిల్లలకు పాలు కొన్నా, తనకు చీర కొనుక్కున్నా, కొట్టే మొగుణ్ని వదిలి బస్సెక్కినా, అది ఆమె ఇష్టం. మంచి తల్లి వాదన మీద నిలబడితే, రేపు చెడ్డ తల్లి అని ఎవరో తేల్చి డబ్బు ఆపుతారు.

డబ్బు నడిచే దారి

పేరు ఆమెదైనంత మాత్రాన డబ్బు ఆమెకు చేరదు. దారి కూడా ముఖ్యమే. ఉమ్మడి రాష్ట్రంలో ఉపాధి హామీ కూలీని, పింఛన్లను వేలిముద్ర కార్డుల ద్వారా ఇచ్చినప్పుడు 157 మండలాల్లో పరిశోధకులు అధ్యయనం చేశారు. డబ్బు త్వరగా అందిందనీ, మధ్యలో కాజేయడం తగ్గిందనీ తేలింది. ఊళ్లోనే, తెలిసిన మనిషి చేతి మీదుగా, నోటు చేతికి రావడం అందులో ఉన్న మేలు.

ఖాతాకు వేసే పద్ధతిలో ఆ మేలు కొంత పోయింది. ఆధార్ ద్వారా వేసే డబ్బు, ఆధార్‌కు చివరగా ఏ ఖాతా కలిపితే ఆ ఖాతాకు పోతుంది. ఆమె చేతిలో ఒక పాసుబుక్కు, డబ్బు ఇంకో బ్యాంకులో. 2017లో ఒక టెలిఫోన్ కంపెనీ, సిమ్ కోసం ఆధార్ తీసుకుని, చందాదారులకు తెలియకుండానే తన చెల్లింపుల బ్యాంకులో ఖాతాలు తెరిచింది. లక్షలాది మంది గ్యాస్ సబ్సిడీ ఆ ఖాతాలకు పోయింది. అంట్లు తోమి తోమి వేలిగీతలు అరిగిపోయినవాళ్ల ముద్రలు మిషను మీద పడవు. వచ్చిన సాయాన్ని పాత అప్పు కింద పట్టుకునే బ్యాంకులు ఉన్నాయి. ఫోను మొగుడిదైతే, డబ్బు వచ్చిన సందేశం ముందు చూసేది అతనే.

2020లో కరోనా వచ్చినప్పుడు ఈ దారులన్నీ ఒకేసారి పరీక్షకు నిలిచాయి. కొండాపూర్‌లో ఇళ్లవాళ్లు గేట్లు మూసి పనివాళ్లను రావద్దన్నారు. రాష్ట్ర ప్రభుత్వం తెల్ల కార్డు కుటుంబానికి 1,500 రూపాయలు, మనిషికి 12 కిలోల బియ్యం ఇచ్చింది. కేంద్రం ఆడవాళ్ల జన్‌ధన్ ఖాతాల్లో ఏప్రిల్ నుంచి జూన్ వరకు నెలకు 500 వేసింది. ఊళ్లో ఉన్నవాళ్లకు అవి ఎంతోకొంత అందాయి. కార్డు ఊళ్లో, తాము ఇక్కడ ఉండిపోయినవాళ్లు సంఘాలు పంచిన బియ్యం కోసం ఎదురు చూశారు. మూడు నెలలకు కలిపి 1,500. ఆ ఏడాది మన ఇళ్లలో పనిచేసే మనిషి విలువ ప్రభుత్వం లెక్కలో అంత.

డబ్బు ఇచ్చి చేతులు దులుపుకోకూడదు

ఇంకొక ప్రమాదం ఉంది. డబ్బిస్తున్నాం కదా అని మిగతావి తీసేయడం. 2015లో పుదుచ్చేరిలో రేషన్ బియ్యం బదులు ఖాతాలో డబ్బు వేయడం మొదలుపెట్టారు. మన తెలుగువాళ్ల యానాం కూడా ఆ పాలనలోదే. బియ్యం ధర పెరిగితే ఖాతాలో డబ్బు పెరగదు. పైగా బియ్యం సంచి ఇంటికొస్తే అది వంటింటికే పోతుంది, డబ్బు ఎటైనా పోవచ్చు. తెలంగాణలో 2023 డిసెంబర్ 9న మొదలైన ఆడవాళ్ల ఉచిత బస్సు ప్రయాణం నగదు సాయం కాదు. కానీ కొండాపూర్ నుంచి నెలకోసారి ఊరికి పోయి వేలిముద్ర వేసి పింఛను తెచ్చుకునే వితంతువుకు, దానివల్ల మిగిలిన చార్జీ నిజమైన డబ్బే. ఆ డబ్బును ఎవరూ ఆమె చేతిలోంచి లాక్కోలేరు. ఎవరినీ అడగకుండా పుట్టింటికి పోయి రాగలగడం కూడా దానిలో భాగమే.

2023 ఎన్నికల్లో మహాలక్ష్మి కింద ఆడవాళ్లకు నెలకు 2,500, పింఛను 4,000 అని హామీ ఇచ్చారు. బస్సు వచ్చింది. 2024, 2025 బడ్జెట్లు వచ్చిపోయినా 2,500 రాలేదు. వితంతువనో, ఒంటరిదనో, పెళ్లికూతురి తల్లనో కాకుండా, కేవలం ఆడమనిషి అని ఇస్తానన్న మొదటి డబ్బు అది. ఆగిపోయింది కూడా అదే. ఇది యాదృచ్ఛికమని నేను అనుకోను. ఎకరానికి డబ్బు ఆగితే అడిగేవాళ్లకు శాసనసభలో మనుషులున్నారు. మనకు సంఘాలే ఉన్నాయి.

అందుకే సంఘాలుగా మనం స్పష్టంగా అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. సాయం మనిషికి ఇవ్వాలి, ఇంటికీ ఎకరానికీ కాదు. వృద్ధాప్య పింఛను ఇంట్లో ఇద్దరికీ ఇవ్వాలి, ధరలతో పాటు పెంచాలి. సాగు చేసేవారి పేరు రికార్డుల్లో మళ్లీ రాయాలి, అందులో భార్య పేరు కూడా ఉండాలి. కౌలుదారు చనిపోతే అతని భార్యకు బీమా రావాలి. భూమికి ఇచ్చే సాయానికి పరిమితి పెట్టి, మిగిలిన డబ్బు కూలి ఆడవాళ్లకు మళ్లించాలి. వలస వచ్చినవారికి ఉన్న చోటే పింఛను, రేషన్ అందాలి. సాయంగా వచ్చిన డబ్బును అప్పు కింద పట్టుకోకూడదు. నగదు పేరుతో బియ్యం, బడి, ఆస్పత్రి తగ్గించకూడదు.

ఈ పత్రిక చదివే కార్యకర్తలకు ఒక మనవి. మీ ఊళ్లో, మీ బస్తీలో వచ్చే నెల సమావేశంలో ఒక్క పని చేయండి. ఎంత డబ్బు వచ్చిందని అడగడంతో ఆగవద్దు. ఎవరి పేరున వచ్చింది, ఏ ఖాతాలో పడింది, కార్డు ఎవరి జేబులో ఉంది, అందులోంచి వంద రూపాయలు తీసుకోవాలంటే ఆమె ఎవరినైనా అడగాలా అని రాసుకోండి. ఆ నాలుగు జవాబులు పేర్లు లేకుండా ఒక కాగితం మీదకు వస్తే, దాన్ని పట్టుకుని మండలాఫీసుకు పోవచ్చు, కలెక్టరు దగ్గరికి పోవచ్చు. ప్రభుత్వం దగ్గర ఎకరాల లెక్క ఉంది. ఆడవాళ్ల లెక్క మన దగ్గరే తయారు కావాలి.